ముప్పై ఆరు బిందెలు

ఆ నీళ్లు ఎవరి కోసం పారబోశారు?

నల్లబండపల్లి పర్యటన గురించి రాసిన నివేదికలో ఈ ప్రశ్న లేదు. ‘నీటి వృథాకు కారకులు’ అనే గడి ఉంది. దానికి ఎదురుగా ‘గ్రామ మహిళలు’ అని నీలి సిరాతో, పొందికైన దస్తూరీతో రాసి ఉంది. ఎవరి కోసం అని అడిగే గడిని ఎవరూ గీయలేదు. గీయని గడిని పూరించవలసిన బాధ్యత ఎవరికీ లేదు. 2003వ సంవత్సరం మే నెలలో ఒక మంగళవారం మొదలుకొని గురువారం వరకు జరిగిన సంగతి ఇది.

మంగళవారం ఉదయం తొమ్మిది గంటలకు కళ్యాణదుర్గం నుంచి కేశవ మోపెడ్ మీద వచ్చేసరికి, కదిరమ్మ విష్ణువర్ధన్ ఇంటి పెరట్లో గిన్నెలు తోముతున్నది. తోముతున్నది అంటే బూడిదతో రుద్ది, తడిగుడ్డతో తుడుస్తున్నది. ఇంటి గిన్నెలన్నిటికీ కలిపి రెండు చెంబుల నీళ్లు. అది విష్ణువర్ధన్ భార్య ఇంద్రాణమ్మ కొలత. మూడో చెంబు ముంచితే వంటింటి కిటికీలోంచి దగ్గు వినిపిస్తుంది. ఆ దగ్గుకు అర్థం కదిరమ్మకు తెలుసు.

కేశవ అసలు పని ఫ్రిజ్‌లు బాగుచేయడం. ఈ మధ్యనే కార్ల ఏసీ పని కూడా పట్టాడు. కళ్యాణదుర్గంలో ఏసీ కార్లు పది లేవు. ఉన్నవాళ్లు కారును దుకాణానికి పంపరు, మనిషిని ఇంటికి పిలిపిస్తారు. అతను వాకిట్లో గోనెపట్టా పరిచి సామాను ఒక్కొక్కటే పెట్టాడు: ఒత్తిడి చూపే గుండ్రటి గేజీలు రెండు, నీలం, ఎరుపు, పసుపు పైపులు, గాలి పీకే పంపు, చేతిలో పట్టేంత గ్యాసు డబ్బాలు రెండు. విష్ణువర్ధన్ కారు బోనెట్ ఎత్తి, సబ్బు నురుగు తయారుచేసి, పైపుల కీళ్లన్నిటికీ చిన్న కుంచెతో పూశాడు. ఒక కీలు దగ్గర నురుగు మెల్లగా బుడగ కట్టింది. దాన్ని బిగించాడు. బుడగ చిన్నదయింది కానీ పోలేదు.

విష్ణువర్ధన్ తెల్ల లుంగీ కట్టుకుని అరుగు మీద కుర్చీలో కూర్చొని చూస్తున్నాడు. నీటి ట్యాంకరు, దాన్ని లాగే ట్రాక్టరు ఆయనవే. కరువు పని కింద మండలం తరఫున తిరుగుతున్నాయి.

“ఏమప్పా, అయితాదా?”

“అన్నా, ఈడ కీలు సన్నంగా పోతాండాది. రబ్బరు మార్చల్ల. అది అట్ల పెట్టు, ముందర పంకానే తిరగడంల్యా.” కేశవ రేడియేటరు ముందున్న సన్నని జాలీని చూపించాడు. “దీనికి గాలి తగలల్ల. రోడ్డు మీద పోతాంటే ఎదురుగాలి సరిపోతాది. నిలబెట్టి గ్యాసు పట్టేకి పంకా కావల్ల. లేకుంటే వేడికి గ్యాసు ఎక్కదు, పైపు పగులుతాది.”

“పంకా తెచ్చి వెయ్యి.”

“బెంగుళూరు నుంచి రావల్ల. మూడు దినాలు.”

“మూడు దినాలకు వాళ్లు వచ్చి పోయింటారు. ఢిల్లీ నుంచి కరువు చూసేకి వస్తాండారప్పా రేపు. మండలాఫీసు జీపులో కూర్చోబెడితే ఉడికిపోతారు. ఉడికినోనికి ఏం కనపడతాది? చల్లగా కూర్చోబెట్టల్ల. అప్పుడు కరువు బాగా కనపడతాది.”

ఆయన ఈ మాట నవ్వుతూ అనలేదు. ఆతిథ్యం తెలిసిన మనిషి అనే మాటగానే అన్నాడు.

“వేరే దోవేం లేదా?”

కేశవ కుంచెను గుడ్డకు తుడుచుకున్నాడు. “ఉండేది ఒకటే దోవ. గ్యాసు పడతాన్నంత సేపూ జాలీ మీద నీళ్లు పోస్తానే ఉండల్ల. ఒక్కో డబ్బాకు పదహైదు, ఇరవై బిందెలు పడతాది.”

ఇంత కరువులో ఆ లెక్క వింటే ఎవరైనా వద్దంటారని అతను అనుకున్నాడు. వద్దనిపించడానికే చెప్పాడు. ఎవరి ముందు ఏం చెప్పకూడదో తెలియకపోవడం అతని పొరపాటు.

“అంతేనా,” అన్నాడు విష్ణువర్ధన్. పెరటి వైపు తిరిగి పిలిచాడు. “ఏమ్మే కదిరమ్మా. అంజినప్ప ట్యాంకరు యాడుంటాది ఇప్పుడు?”

“అన్ని వీధులూ అయిపోయి మా బండ వీధికి వచ్చింటాది, సామీ.”

“ఈడికి తెమ్మను పో. రోంతసేపే. మల్ల పంపిస్తా.”

బండ వీధి ఊరి చివర. నేల బండరాయి కాబట్టి ఆ పేరు. బండను తొలిచి బోరు వేసినవారు లేరు. తొమ్మిది ఇళ్లు, దినం విడిచి దినం ఇంటికి నాలుగు బిందెలు. ఆదివారం ట్యాంకరు చెడిపోయిందన్నారు కాబట్టి శుక్రవారం పట్టుకున్న నీళ్లే అప్పటికి నాలుగు రోజులు నడిపించాయి. కదిరమ్మ వెళ్లేసరికి ముప్పై ఆరు బిందెలు వరసగా ఉన్నాయి. ఎవరి బిందె ఎవరిదో గుర్తుకు మెడకు రంగు గుడ్డపేలికలు కట్టారు. అంజినప్ప కుళాయికి గొట్టం తగిలిస్తున్నాడు. మొదటి బిందె మారెక్కది, ఎర్ర పేలిక.

“సామి పిలుస్తాండాడు, అంజినప్పా. ట్యాంకరు ఆడికి తెమ్మన్నాడు.”

“పిల్సనీలే,” అన్నది మారెక్క. “మాకు పోసి వస్తాడు. ఆయప్ప ఇంట్లో మంటలు లేసినాయా ఏమన్నా?”

“రోంతసేపేనంట. మల్ల పంపిస్తానన్నాడు. నా బిందెలూ ఈడే ఉండాయి గదమ్మా, నేను యాడికి పోతా?”

మారెక్క కదిరమ్మ మొహం చూసింది. తన బిందెను కుళాయి కింద నుంచి తానే పక్కకు తీసింది. కదిరమ్మ మాట మీద ఆ వీధిలో ఎప్పుడూ ఎవరికీ అనుమానం రాలేదు. ట్రాక్టరు వెనక్కి తిరిగింది.

కేశవ అప్పటికి పంపు పెట్టి పైపుల్లో గాలి పీకేశాడు. ఇంజను నడుస్తున్నది. లోపల చలి బటను ఆఖరి దాకా తిప్పి ఉంది. నీలం పైపు ఒక చోట బిగించాడు, ఎర్ర పైపు మరొక చోట. డబ్బా మూతకు మర బిగించి తిప్పాడు. సన్నని బుస్సుమనే చప్పుడు. టక్కుమని కంప్రెసరు అందుకున్నది. ఎర్ర గేజీలో ముల్లు లేచింది.

“పొయ్యక్కా. ఒక్కసారిగా కుమ్మరించొద్దు. సన్నంగా, ఈ కొస నుంచి ఆ కొసకు.”

కదిరమ్మ పోసింది. నీళ్లు తగలగానే జాలీ చుయ్యిమని ఆవిరి కక్కింది. ముల్లు కొద్దిగా దిగింది. బిందె అయిపోగానే మళ్లీ లేచింది. అంజినప్ప పట్టి ఇస్తున్నాడు, ఆమె పోస్తున్నది. ఐదో బిందెకు ముంజేతుల వరకు తడిసింది. ఎన్నాళ్ల తర్వాతో అంత తడి. ఆ చల్లదనం హాయిగా ఉన్నందుకు ఆమెకు తన చేతుల మీదే రోత పుట్టింది. ఆమె తన వీధి బిందెలు లెక్కపెట్టినట్లే లెక్కపెడుతున్నది. నాలుగుకు ఒక ఇల్లు. మారెక్క ఇల్లు అయింది. చెన్నమ్మ ఇల్లు అయింది. పదహారో బిందె తన ఇల్లు.

జాలీ నుంచి కారిన నీళ్లు నూనెను, చచ్చిన పురుగులను కలుపుకొని నల్లగా బండల సందున పారాయి. గేటు దాటాయి. దారి మీద మడుగు కట్టాయి. ఎక్కడ వాసన పట్టాయో, రెండు కుక్కలు, నాలుగు కోళ్లు వచ్చాయి. నూనె తెట్టును పక్కకు తోసి కుక్క నాలుకతో కతికింది. కిటికీలోంచి దగ్గు వినిపించలేదు.

రెండో డబ్బా సగంలో కేశవ తల ఎత్తకుండా అన్నాడు. “చాలేమో అన్నా. వస్తాండాది చలి.”

“తెరిచిన డబ్బా సగం మిగిలిస్తే ఏం చేస్తావు, సాంబారులో వేస్తావా? పట్టు.”

పట్టాడు. ముప్పై ఆరో బిందె తర్వాత ట్యాంకరు కుళాయి గుటకలు వేసి ఆగిపోయింది. కేశవ వేడి కొలిచే చిన్న కడ్డీని కారు లోపలి జాలీలో గుచ్చి చూశాడు. తొమ్మిది డిగ్రీలు. విష్ణువర్ధన్ ముందు సీట్లో కూర్చొని, తలుపు మూసి, ఆ చలిగాలికి మొహం ఆనించి, కళ్లు మూసుకున్నాడు. అద్దం వెనక ఆయన పెదవులు కదిలాయి. ఏమన్నాడో బయటికి వినిపించలేదు. ఇంద్రాణమ్మ వచ్చి సీట్ల మీద అత్తరు చల్లింది.

“సామీ, ట్యాంకరు,” అన్నది కదిరమ్మ.

ఆయన అద్దం నాలుగు వేళ్లు దించాడు. “అయిపాయ గదా. ఎల్లుండి ముందు మీకే పోపిస్తాలే. అద్దం ఎత్తల్ల, చలి పోతాది.”

ఆ సాయంత్రం బండ వీధిలో బిందెలు పెట్టినచోటనే ఉన్నాయి. కదిరమ్మ తన నాలుగూ తీసుకోవడానికి వంగినప్పుడు మారెక్క గడప మీద కూర్చొని ఉన్నది.

“నీ చేతులతోనే పోసినావంట.”

కదిరమ్మ బిందె మెడకున్న పేలిక ముడి సరిచేసింది.

“కారుకు తలంటు పోసినారంట గదా. కుంకుడుకాయ కూడా రుద్దినావా, వట్టి నీళ్లేనా?”

ఎవరో నవ్వబోయి ఆగారు. మారెక్క లేచి ఎర్ర పేలిక బిందెలు లోపలికి తీసుకుపోయి తలుపు వేసుకున్నది. ఇరవై రెండేళ్లుగా ఆ రెండు ఇళ్ల మధ్య పొయ్యి నిప్పు, పులుపు, పసుపు చేతులు మారుతూనే ఉన్నాయి. ఆ తలుపు పొద్దుండగా మూయడం కదిరమ్మ చూడలేదు. ఆమె రెండు బిందెలు తీసుకొని ఉప్పునీళ్ల చేతి బోరింగుకు పోయింది. నలభై సార్లు కొడితే చెంబెడు వస్తుంది. ఆ చెంబెడు కూడా నోట్లో పెట్టుకుంటే తుప్పు.

బుధవారం పదకొండు గంటలకు బృందం వచ్చింది. ముందు మండలాఫీసు జీపు, వెనక అద్దాలు బిగించిన విష్ణువర్ధన్ కారు. దారిలో గ్యాసు దిగితే చూసుకోవాలని కేశవను కూడా ముందు సీట్లో ఎక్కించుకున్నారు. ఆడవాళ్లు ఖాళీ బిందెలతో రోడ్డు పక్కన నిలబడాలని పొద్దుటే చాటించారు.

“ఖాళీవే తేవల్లంట,” అన్నది మారెక్క చెన్నమ్మతో, కదిరమ్మను చూడకుండా. “దానికి మల్ల చాటింపా? నిండువి తెమ్మంటే గదా మనకు కష్టం.”

కారు ఆగింది. ఇంజను ఆపలేదు. పది నిమిషాలు లోపలే కూర్చొని కాగితాలు చూసుకున్నారు. మూసిన అద్దాల మీద ఆడవాళ్లకు తమ బిందెలే కనిపించాయి. తర్వాత ఢిల్లీ అధికారి దిగాడు. చేతిరుమాలు ముక్కుకు అడ్డంపెట్టుకొని నాలుగడుగులు వేశాడు. ఐదో అడుగు బురదలో పడింది.

విష్ణువర్ధన్ గేటు నుంచి రోడ్డు దాకా నేల ఇంకా తడిగానే ఉంది. మడుగులో కోడి నిలబడి ఉంది. అధికారి బూటు ఎత్తి అడుగుభాగం చూసుకున్నాడు. హిందీలో ఏదో అడిగాడు. మండలాధికారి విష్ణువర్ధన్ వైపు చూశాడు.

“ఏముంది సార్,” అన్నాడు విష్ణువర్ధన్, “ఈ ఆడోళ్లకు నీళ్ల విలువ తెలీదు. ట్యాంకరు వస్తే కొట్లాట. సగం నేలపాలు. ఎంత చెప్పినా వినరు.”

మండలాధికారి దాన్ని హిందీలోకి మార్చాడు. అధికారి తలాడించి, కాగితాల అట్ట మీద కలం పెట్టి, ఆడవాళ్ల వైపు చూసి మరొకటి అడిగాడు.

“ఎవురు పోసినారని అడుగుతాండారు,” అన్నాడు మండలాధికారి.

బిందెలు పట్టుకున్న చేతులు కదలలేదు. అందరి చూపులూ కదిరమ్మ వైపు తిరగకుండా ఉండడానికి ప్రయత్నించాయి. కదిరమ్మ బిందె దించింది.

“పోసింది నేనే, సారూ. వీళ్లు కాదు. ఈ కారు మీదనే పోసినా. మీకు చల్లగా ఉండల్లని మా వీధి నీళ్లు ముప్పై ఆరు బిందెలు పొయ్యమన్నారు, పోసినా. మా ఇండ్లకు చుక్క రాల్యా.”

మండలాధికారి విన్నాడు. అంతా విన్నాడు. విష్ణువర్ధన్ చొక్కా గుండీ సర్దుకున్నాడు. మండలాధికారి హిందీలో చెప్పినది నాలుగు మాటలకు మించలేదు. అధికారి కదిరమ్మను ఒకసారి చూశాడు. కోపంగా కాదు, పాఠం రాని బిడ్డను చూసినట్లు. ఏదో రాసుకున్నాడు. బూటును రాయికి రుద్దుకొని కారెక్కాడు. కారు పోయిన చోట, దాని అడుగు నుంచి కారిన చల్లని నీళ్ల చారిక అరచేయంత ఉంది. చూస్తుండగానే అది ఎండిపోయింది.

ఎక్కేముందు కేశవ వెనక్కి తిరిగి కదిరమ్మను చూశాడు. ఏదో అనబోయినట్లు నోరు తెరిచాడు. తలుపు పడింది.

గురువారం తెల్లవారి చూస్తే కారులో చలి లేదు. వేడిలో ఆగి ఆగి నడిచినందువల్ల ఆ కీలు పూర్తిగా వదులైంది. పట్టిన గ్యాసంతా రాత్రికి రాత్రే గాలిలో కలిసింది. అతిథులు కళ్యాణదుర్గంలో బస చేశారు. పది గంటలకల్లా కారు వాళ్ల ముందుండాలి. కేశవను మళ్లీ పిలిపించారు. అన్ని వీధులూ తిరిగిన ట్యాంకరు మళ్లీ బండ వీధికి పోకుండా వాకిట్లోకి వచ్చింది. ఈసారి పిలవడానికి కదిరమ్మను పంపలేదు, వేరే మనిషిని పంపారు. మారెక్క, చెన్నమ్మ, మరో నలుగురు ట్యాంకరు మళ్లడం చూసి దాని వెనకే నడిచివచ్చి గేటు బయట నిలబడ్డారు.

కేశవ రబ్బరు మార్చాడు, గాలి పీకాడు, పైపులు బిగించాడు. విష్ణువర్ధన్ గడ్డం గీయించుకోవడానికి లోపలికి పోయాడు. కదిరమ్మ మొదటి బిందె కుళాయి కింద పెట్టింది.

“అక్కా,” అన్నాడు కేశవ మెల్లగా, గేజీ మీద నుంచి చూపు తీయకుండా. “నేను బళ్లారిలో సాయిబుల దగ్గర పని నేర్చినా. నాకు హిందీ వస్తాది.”

“అయితే?”

“నిన్న ఆయప్ప నువ్వు చెప్పింది సగమే చెప్పినాడు. ‘పోసింది నేనే అంటాంది’ అన్నాడు. అంతే.”

బిందె నిండింది. కుళాయి ఆమె కట్టలేదు. నీళ్లు అంచు దాటి పాదాల మీద పడ్డాయి. అప్పుడు కట్టింది.

“నువ్వు ఆడనే ఉంటివి గదప్పా.”

“ఉంటి.”

“చెప్పకూడదా?”

కేశవ పసుపు పైపు మర ఒకసారి బిగించాడు. బిగిసి ఉన్నదాన్నే మళ్లీ బిగించాడు. “నాది చిన్న అంగడి, అక్కా,” అన్నాడు.

లోపలి నుంచి విష్ణువర్ధన్ కేక వినిపించింది. “మొదలుపెట్టినారా?” కేశవ డబ్బా మర తిప్పాడు. కంప్రెసరు టక్కుమంది. ముల్లు లేచింది.

“పొయ్యక్కా.”

కదిరమ్మ బిందె ఎత్తి చంకన పెట్టుకున్నది. కారు దగ్గరికి వచ్చింది. ఆగలేదు. అదే నడకతో కారును దాటి, గేటును దాటి, ఎండిన బురద మీదుగా బండ వీధికి నడిచింది. మూసి ఉన్న మారెక్క తలుపును కాలితో నెట్టి, ఎర్ర పేలిక బిందెలో పోసింది. ఈ కొస నుంచి ఆ కొసకు కాదు, సన్నంగా కాదు. ఒక్కసారిగా కుమ్మరించింది. తిరిగి వచ్చి రెండో బిందె కుళాయి కింద పెట్టింది.

విష్ణువర్ధన్ సగం చెంపకు సబ్బు నురుగుతో బయటికి వచ్చాడు.

“ఏమ్మే, యాడికి మోస్తాండావు?”

“మా వీధికి, సామీ.”

“ఎవురు చెప్పినారు నీకు?”

“పోసింది నేనేనని రాసుకున్నారు గదా సామీ నిన్న. పోసేది నేనైతే, ఎవురికి పొయ్యల్లో కూడా నేనే చూసుకుంటా.”

గొంతు ఎత్తలేదు. గిన్నెలు తోమడం అయిపోయిందని చెప్పేటప్పటి గొంతే. ఆయన అంజినప్ప వైపు తిరిగాడు. అంజినప్ప ట్రాక్టరు చక్రంలో ఏదో ఇరుక్కున్నట్లు వంగి, చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు. మారెక్క గేటు తోసుకొని లోపలికి వచ్చింది. కదిరమ్మ చేతిలోని బిందెకు తన చేయి అడ్డంపెట్టి, “ఇదియ్యి. నువ్వు పట్టు, మేము మోస్తాం,” అన్నది. ఆమె వెనక చెన్నమ్మ వచ్చింది.

“కేశవా, నువ్వు పట్టప్పా. ఆగొద్దు,” అన్నాడు విష్ణువర్ధన్.

కేశవ గేజీ చూశాడు. ముల్లు ఇంకా ఎర్ర గీతకు రెండు గీతల కింద ఉంది. పని తెలిసినవాళ్లకు ఆ రెండు గీతలు ఇంకో రెండు నిమిషాలు. అతను చేయి చాచి మర మూసేశాడు.

“నీళ్లు లేకుంటే ఎక్కదన్నా. పైపు పగులుతాది.”

అతని నోటి నుంచి ఆ మూడు రోజుల్లో వచ్చిన ఒకే ఒక్క అబద్ధం అది. అది కూడా సగమే అబద్ధం.

ఆయన చెంప మీద నురుగు ఎండి పొక్కులు కట్టింది. కారు అద్దాలు దించుకొని పది గంటలకు కళ్యాణదుర్గం చేరింది. బృందం దుమ్ములో మూడు ఊళ్లు తిరగవలసినది ఒకటి తిరిగి, మధ్యాహ్నానికే అనంతపురం వెళ్లిపోయింది. కదిరమ్మకు మరునాటి నుంచి పెరట్లో పని లేదన్నారు. నెల తిరగకముందే కాగితం వచ్చింది: నల్లబండపల్లిలో మహిళల నిర్లక్ష్యం వల్ల నీరు వృథా అవుతున్నందున ట్యాంకరు ఇకమీదట మూడు రోజులకు ఒకసారి. బండ వీధిలో ఇంటికి నాలుగు బిందెలు మూడయ్యాయి. కదిరమ్మ మూడో బిందెను మోసుకొచ్చి ఆమె గడప ముందు దించిపోయేది మారెక్క. మాటలు మాత్రం మునుపటిలా ఎకసెక్కాలే.

ఆ నివేదిక ఇప్పటికీ ఏదో ఒక బీరువాలో ఉంటుంది. నీలి సిరా చెదరకుండా ఉంటుంది. అందులో ఉన్నది అబద్ధం కాదు. నీళ్లు పోసింది ఆడమనిషే. అందులో ఉన్నది సగం. మిగతా సగం విన్న మండలాధికారి చెప్పలేదు. విన్న కేశవ చెప్పలేదు. దీన్ని చదవడం పూర్తిచేసిన మీరు కూడా ఇప్పుడు విన్నారు. మీకు అంగడి ఉన్నదో, ఆఫీసు ఉన్నదో నాకు అనవసరం. ఆ కాగితం మీద లేని గడిని మీరు గీయండి. ‘ఎవరి కోసం?’ అని దాని పైన రాయండి. కింద జవాబు రాసి, మీ పేరుతో సంతకం పెట్టండి.